జారవిడిచిన క్యాచ్‌లు

గల్ఫ్ తీరంలోని రువైస్‌లో మా కంపెనీ క్రికెట్ జట్టుకు ఆటగాళ్లను సమకూర్చే పని నాలుగేళ్లుగా వేణుగోపాలరావుది. ఆయన అసలు ఉద్యోగం స్టోర్స్ ఇన్‌చార్జి. చలికాలంలో కాంట్రాక్టు కంపెనీల మధ్య జరిగే లీగులో ఆడాలంటే ఆటగాడు ఆ కంపెనీ వీసా మీదనే ఉండాలన్నది నియమం. కనుక ఇక్కడ ఒక బౌలరును జట్టులోకి తీసుకోవడమంటే అతనికి ఉద్యోగం ఇవ్వడమే. మరొక శాఖ జట్టుతో ఆటగాణ్ణి మార్చుకోవడమంటే ఒక మనిషిని పెట్టెతో సహా బస్సెక్కించి పంపి, మరొక మనిషిని పెట్టెతో సహా దించుకోవడం. ఒక వికెట్ కీపర్ కోసం అబూధాబీ శివారులోని ముసఫా శాఖకు ఇద్దరు వెల్డర్లను ఇచ్చిన సంవత్సరం కూడా ఉంది.

నేను ఆ జట్టుకు స్కోరరును. ఉద్యోగరీత్యా డాక్యుమెంట్ కంట్రోలరును. చమురు శుద్ధి ప్లాంటు డ్రాయింగులకు సంఖ్యలు వేయడం, పాత ప్రతి చెలామణిలో ఉండకుండా చూడటం నా పని. ఆదివారం ఉదయం మైదానంలో గుడారం కింద కూర్చుని బంతి తర్వాత బంతి రాయడం ఆ పనికి కొనసాగింపులాగే ఉండేది. కంపెనీ స్కోరు పుస్తకంలో పరుగులు, వికెట్లు ఉంటాయి. నా సొంత నోటుపుస్తకంలో ఇంకా కొన్ని ఉంటాయి: ఏ ఓవరు ఏ దశలో వేశారు, ఎవరి బౌలింగులో ఎవరు క్యాచ్ జారవిడిచారు.

రెండువేల ఇరవైఅయిదు ఏప్రిల్ మొదటి వారంలో హెచ్‌ఆర్ మేనేజర్ కాత్యాయని నన్ను పిలిపించింది.

"కొత్త ముదీర్, అదే మన పెద్ద మేనేజరు, హ్యూస్టన్ మనిషి, రామ్మోహనరావుగారూ. ఆయనకు క్రికెట్ తెలియదు, బేస్‌బాల్ తెలుసు. అక్కడ టీముకు జనరల్ మేనేజర్ అని ఒకడుంటాడట. ఎవర్ని తీసుకోవాలి, ఎవర్ని ఎవరితో మార్చాలి, అంతా అతనే. సీజన్ అయ్యాక అతను చేసిన ప్రతి మార్పిడికీ, ప్రతి సంతకానికీ మార్కులేస్తారట. మన వేణుగోపాలరావుగారి మీద అలాంటి రిపోర్టు కావాలంటున్నాడు."

"ఎన్ని పేజీలు?"

"ఇంకెవరైనా ఎందుకు అని అడుగుతారు," అని నవ్వి, ఆవిడ ఒక నమూనా నా ముందుకు జరిపింది. అమెరికాలో ఏదో జట్టు జనరల్ మేనేజరును అంచనా వేసిన పదహారు పేజీల కాగితం. "నాలుగు సీజన్లవీ చేయండి. ఇక్కడికి తెచ్చిన ప్రతి ఆటగాడికీ పదికి ఇన్ని అని మార్కు రావాలి. నాలుగు, ఆ పైన వచ్చినవాళ్లు టీం లిస్టులో ఉంటారు. నాలుగు లోపలివాళ్లను తీసేసి ఏ పనికి కావాలంటే ఆ పనికి ఇచ్చేస్తాం. మేలో కాంట్రాక్టులు రెన్యూ అవుతాయి. ఇరవయ్యో తారీకు దాటకూడదు."

బేస్‌బాల్ ఆటను నేను ఏనాడూ చూడలేదు. కానీ ఆ పదహారు పేజీలు నాకు నచ్చాయి. వాటిలో విశేషణాలు లేవు. ప్రతి నిర్ణయానికీ రెండు మార్కులు ఇచ్చారు: తీసుకున్న నాడు తెలిసిన సంగతుల్ని బట్టి ఒకటి, తర్వాత జరిగినదాన్ని బట్టి మరొకటి. మొదటిది మేనేజరుకు, రెండోది ఆటగాడికి. అదృష్టాన్ని వివేకంగా, దురదృష్టాన్ని తెలివితక్కువతనంగా పొరబడకుండా ఉండటానికి ఆ ఏర్పాటు. వేణుగోపాలరావు ఫైళ్లు తెరిచి లెక్కించాను. మార్పిడులు ఎనిమిది, కొత్తగా తీసుకున్నవారు పదకొండు మంది. పంతొమ్మిది వరుసల పట్టిక గీసుకున్నాను.

రెండు రోజుల తర్వాత, మధ్యాహ్న భోజన విరామంలో, భూమేశ్ హెల్మెట్ చంకన పెట్టుకుని డాక్యుమెంట్ గదికి వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. ఎడమచేతి స్పిన్నరు. దుబాయ్‌లో సోనాపూర్ కార్మికుల క్యాంపులో ఒక శుక్రవారం ఆడుతుండగా చూసి, రెండేళ్ల కాంట్రాక్టు మీద వేణుగోపాలరావు తెచ్చుకున్నాడు. మొదటి సీజనులో ఇరవైరెండు వికెట్లు తీశాడు.

"సారూ, మార్కులేస్తున్నరట గద మాకు."

"నీకెవరు చెప్పారు?"

"క్యాంపుల గోడలకు చెవులుంటయా సార్, గోడలే లేవు. అన్ని ప్లైవుడ్డు చెక్కలే." అతను కుర్చీ చూపించినా కూర్చోలేదు. "నాకెంతేస్తరు?"

"ఇంకా వేయలేదు."

"రెండేయుండ్రి."

నేను తలెత్తి చూశాను.

"పదిల రెండు. పోయిన సీజన్ల ఆరు వికెట్లే గద నేను తీసింది. ఆరు వికెట్లోనికి రెండు శాన ఎక్కువ."

జేబులోంచి ప్లాస్టిక్ కార్డు తీసి బల్లమీద పెట్టాడు. స్కాఫోల్డరుగా, అంటే పైపులతో మంచెలు కట్టే పనివాడుగా, అతను పరీక్ష నెగ్గినట్టు ఇచ్చిన కార్డు. కిందటి ఆగస్టు తేదీ ఉంది. రెండేళ్లు చెల్లుతుంది. ఆ లోపల ఏడాదిపాటు ఆ హోదాలో పనిచేసినట్టు నమోదైతేనే మళ్ళీ పొడిగిస్తారు.

"స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్ నన్ను రెండుసార్లు అడిగిండు సార్. టీం మనిషిని ఇయ్యమన్నరు. మ్యాచులకు మనిషి రువైస్‌లనే ఉండాలె, స్కాఫోల్డర్లనేమో హబ్‌షాన్ అనీ ఇంకోటనీ ప్లాంటు బంద్ వెట్టి రిపేర్లు చేసే షట్‌డౌన్లకు నెలలకు నెలలు తోల్తరు. గందుకని టీంల ఉన్నోడు హెల్పరే. పైపులు మోసేది నేనే, కట్టేది ఇంకోడు."

"కాంట్రాక్టు అయిపోతోందిగా. వద్దంటే?"

"వద్దంటే టికెట్ కొట్టి ఇంటికి తోల్తరు. మళ్ల ఏజెంటు, మళ్ల మొదటికెల్లి." అతను ఎడమ భుజాన్ని నెమ్మదిగా తిప్పి చూపించాడు. మధ్యలో ఒకచోట ఆగి, పట్టు తప్పించుకుని ముందుకు కదిలింది. "ఇది ఇంకో రెండు సీజన్లు నడుస్తది సార్. మహా అయితె మూడు. అది ఖలాస్ అయినంక వాళ్లే తీసేస్తరు. అప్పటికి కార్డు చచ్చిపోతది. అప్పుడు నేను బౌలర్ను గాను, స్కాఫోల్డర్ను గాను. పనికిరాడని మీరు ఇప్పుడే ఒక్క ముక్క రాస్తె, పనికొస్త."

"నేను ఉన్నది ఉన్నట్టే రాస్తాను, భూమేశ్."

అతని ముఖం తేలికపడింది. "గదే గావాలె సార్. ఉన్నయి ఆరే గద," అని కార్డు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

నేను కూడా అప్పటికి అంతే అనుకున్నాను. అతని వరుసకు చేరినప్పుడు ఆరు వికెట్లని వేసి, అలవాటు ప్రకారం నా నోటుపుస్తకంతో సరిచూశాను. జారవిడిచిన ప్రతి క్యాచ్‌కూ నేను ఒక చిన్న సున్న పెట్టి, దాని లోపల ఫీల్డరు పేరులోని మొదటి అక్షరం రాస్తాను. భూమేశ్ పేరు ఎదుట అలాంటి సున్నలు తొమ్మిది ఉన్నాయి. జట్టులో మరే బౌలరుకూ మూడుకు మించి లేవు. తర్వాత ఓవర్ల దశ చూశాను. ఆ సీజనంతా కెప్టెన్ అతని చేత చివరి అయిదు ఓవర్లలోనే వేయించాడు. అందరూ గుడ్డిగా బాదే ఆ సమయంలో జట్టు సగటు ఓవరుకు తొమ్మిది పరుగులు. అతనిది అయిదుకు తక్కువ. లెక్క మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ఎనిమిది మార్కులే వచ్చాయి. పదకొండు మంది కొత్తవాళ్లలో అతనే అందరికన్నా మంచి ఎంపిక. ఆరు వికెట్లన్నది నిజమే. అయితే అది పైపై నిజం.

ఆ రోజు గదికి వెళ్లాక కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. మా వసతి భవనంలో కిటికీలు తెరుచుకోవు. రెండు పొరల అద్దం అవతల ఎదురుగా ప్లాంటు కంచె, దాని మీద ఆరకుండా మండే మంట. ఎడమవైపు హైవే. వెనుక ఉప్పు పొరలు కట్టిన నేల. నడిచి ఎక్కడికీ చేరుకోలేని చోటు. అబూధాబీలో ఉన్న పదకొండేళ్లూ నేను నడిచి గ్రంథాలయానికి వెళ్లేవాణ్ణి. రువైస్‌కు బదిలీ చేస్తూ ఇచ్చిన ఉత్తరంలో "డాక్యుమెంటేషన్‌లో మీ నైపుణ్యం ఈ శాఖకు అత్యవసరమైనందున" అని ఉంది. తిరిగి పంపమని మూడుసార్లు అర్జీ పెట్టాను. మూడుసార్లూ కుదరదన్నారు. ఆ ఉత్తరంలోని వాక్యాన్ని తలుచుకుని మూడుసార్లూ సమాధానపడ్డాను.

మర్నాడు మధ్యాహ్నం తేదీలు సరిచూసుకోవడానికి స్టోర్స్‌కు వెళ్లాను. వేణుగోపాలరావు భీమవరం దగ్గరివాడు. వాల్వుల పెట్టెల మధ్య రెండు కుర్చీలు, ఒక ఫ్లాస్కు పెట్టుకుని దర్బారు చేస్తాడు.

"రండి మాస్టారూ, రండి. నా జాతకం రాస్తున్నారంటగా. గ్రహాలెలా ఉన్నాయేంటి?"

"రెండువేల ఇరవైఒకటి సెప్టెంబరు మార్పిడిలో ఒక సందేహం ఉంది. ముసఫానుంచి ఓపెనర్ ఆశిష్ వచ్చాడు. ఇక్కడినుంచి ఇద్దరు ఫిట్టర్లు వెళ్లారు. ఒక్క మనిషికి ఇద్దరినెందుకిచ్చారు?"

"ఒక్కడికెందుకిస్తానండీ, నాకేమన్నా పిచ్చా? ఆశిష్‌కో ఫిట్టరు, మీకో ఫిట్టరు."

నేను కాగితం మీదినుంచి కలం ఎత్తాను.

"మీకు తెలీదా? అయ్యో రామ," అంటూ ఆయన ఫ్లాస్కులోంచి నాకు టీ పోశాడు. "ఓసారి మేం ముసఫా వచ్చి ఆడితే మీరు స్కోరు రాశారు, గుర్తుందా? గాలికి గుడారం లేచిపోయింది. అందరూ గుడారం వెనకాల పరిగెడుతుంటే మీరు మాత్రం ఎండలో కూచుని బంతి బంతీ రాస్తన్నారు. అప్పట్లో మా స్కోరు పుస్తకమంటే పెళ్లి చదివింపుల పుస్తకమేనండి, ఎవడికి తోచింది వాడు రాసేయడమే. మ్యాచికో తగువు. అప్పుడే అనుకున్నాను, ఈ మాస్టార్ని వదలకూడదని."

"బదిలీ ఉత్తరంలో డాక్యుమెంటేషన్ అని ఉంది."

"మరి స్కోరింగ్ అని రాస్తే హెడ్డాఫీసు ఊరుకుంటుందేంటండీ?"

"ఆ ఫిట్టరు ఏ గ్రేడు?" అని అడిగాను. ఎందుకు అడిగానో నాకు తెలియదు.

"బి గ్రేడండి. మంచి కుర్రాడే పాపం." టీ చప్పరిస్తూ, మెచ్చుకోలుగా నావైపు చూశాడు. "మీరు వెనక్కి పోతానని మూడుసార్లు పెట్టారు చూశారూ, మూడుసార్లూ నేనే అడ్డం పడ్డాను. ఏమనుకోకండి. పనికిమాలినోడైతే పోరా బాబూ అని నేనే బస్సెక్కిద్దును. చేతికి దొరికిన మాణిక్యాన్ని ఎవడొదులుకుంటాడు?"

ఆయన మాటలో ద్వేషం ఇసుమంతైనా లేదు. నా గురించి నా జీవితంలో ఎవరూ అంత మెచ్చుకుని మాట్లాడలేదేమో కూడా. టీ తాగి, కృతజ్ఞతలు చెప్పి, తేదీలు రాసుకుని వచ్చేశాను. ఆ మార్పిడికి వేణుగోపాలరావుకు తొమ్మిది మార్కులు వేశాను. ఆశిష్ నాలుగు సీజన్లలో పదకొండు వందల పరుగులు చేశాడు. నా సంగతి పట్టికలో ఎక్కడ వేయాలో తెలియక అధస్సూచికలో ఒక వాక్యంగా రాశాను. తర్వాత దాన్ని కొట్టేశాను.

తర్వాతి నాలుగు రోజులు భూమేశ్ వరుస ఒక్కటే నా ముందు ఖాళీగా ఉండిపోయింది. మంచి మార్కు వేస్తే ఏమవుతుందో ఇప్పుడు నాకు వేరెవరూ చెప్పనక్కరలేదు. అలాగని ఎనిమిది వచ్చినచోట రెండు వేయడానికి నా చేయి ఆడలేదు. ఒకటో రోజు, అతనికి ఎనిమిదే వేసి, కింద అతని కోరికను వివరిస్తూ ఒక వివరణ రాద్దామనుకున్నాను. కానీ కోరికలను ముదీర్ అడగలేదు. పట్టికలో కోరికకు గడి లేదు. రెండో రోజు అతని ఒక్కడి సున్నలే తీసేసి చూశాను. మూడో రోజు వాటిని తిరిగి చేర్చాను. ఒక్కడి గడి ఖాళీ చేస్తే అది అబద్ధం. అందరి గడులూ ఖాళీ చేస్తే అది నిర్లక్ష్యం. నిర్లక్ష్యాన్ని ఎంచుకోవడానికి నాలుగో రోజు సాయంత్రం దాకా పట్టింది. ఆఖరి సీజనుకు సంబంధించి జారవిడిచిన క్యాచ్‌ల గడి, ఓవర్ల దశ గడి పంతొమ్మిది వరుసల్లోనూ తొలగించి, "నమోదు కాలేదు" అని రాశాను. ఆ గడులు లేకుండా లెక్కిస్తే భూమేశ్‌కు మూడు మార్కులు వచ్చాయి. మరో ముగ్గురి మార్కులు కొద్దిగా అటూ ఇటూ జరిగాయి గాని, వాళ్లలో ఎవరూ నాలుగు గీతకు ఇటునుంచి అటు మారలేదు. అది నిర్ధారించుకున్నాకనే ముద్రించాను.

కాత్యాయని నివేదికను నా ఎదుటే చదివింది. ఇరవై నిమిషాలు పట్టింది. పదమూడో పేజీ దగ్గర వేలు ఆగింది.

"మొదటి మూడు సీజన్లకూ ఈ రెండు కాలమ్స్ ఉన్నాయి. ఆఖరిదానికి లేవు."

"ఆ సీజను రాయలేదు."

"మీరా?"

నోటుపుస్తకం నా కాళ్ల దగ్గరి సంచిలోనే ఉంది. దాన్ని ఎప్పుడూ గదిలో వదిలి రాను.

"రామ్మోహనరావుగారూ, మీరు స్టేప్లర్ పిన్ను అడిగినా మూడు కాపీల ఫారం నింపి పంపిస్తారు. మీరు ఒక కాలమ్ ఖాళీగా వదలడం నేనిదే చూడటం. ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది. శ్రద్ధ తగ్గింది."

"ఎక్కడైనా రఫ్‌గా రాసుకుని ఉంటే ఇవ్వండి, నేను ఎక్కిస్తాను. సీజన్ మొత్తం మీద సగం లెక్క పోయిందంటే ముదీర్ ఊరుకోడు."

"లేదండి. ఎక్కడా లేదు."

ఆఫీసులో ఇరవైఆరేళ్ల ఉద్యోగంలో నేను నోటితో చెప్పిన మొదటి అబద్ధాలు అవి. సంచిని కాలితో కుర్చీ కిందికి జరిపాను. ఆవిడ పేజీ తిప్పింది.

ముదీర్ సమాధానం వారంలో వచ్చింది. నివేదిక ఉపయోగకరంగా ఉందట. కానీ చేతిరాత లెక్కలను నమ్మడం ఇకమీదట కుదరదట. వచ్చే సీజనునుంచి ఫోనులో స్కోరింగ్ యాప్ వాడతారు. అది రిజర్వు ఆటగాళ్లలో ఎవరైనా నొక్కగలరు. నేను ఆదివారాలు మైదానానికి రానవసరం లేదు. భూమేశ్‌తో సహా నలుగురిని జాబితానుంచి తీసేశారు.

ఆ సాయంత్రం మెస్‌లో వేణుగోపాలరావు పళ్లెం పట్టుకుని వచ్చి నా ఎదుట కూర్చున్నాడు. నేను ఏ బల్ల దగ్గర కూర్చున్నా ఎదుటి కుర్చీ ఖాళీగా ఉండటం అక్కడివారికి అలవాటు. ఆయన సాంబారు కలుపుకుంటూ మాట్లాడాడు.

"భూమేశ్‌కి మూడా మాస్టారూ? నేనేరిన మాంచి రత్నానికి?"

"వచ్చిన లెక్క అది."

"ఊఁ. వాడి బౌలింగులో తొమ్మిది క్యాచులు నేలపాలయ్యాయి కదండీ ఈ ఏడు."

నేను మజ్జిగ గ్లాసు దగ్గరికి జరుపుకున్నాను.

"నాకెందుకు గుర్తుండదండీ, అందులో మూడు నావేగా. మనుషులు తక్కువైనప్పుడల్లా నన్ను స్లిప్పులో నిలబెట్టేవారు. యాభై నాలుగేళ్లవాణ్ణి స్లిప్పులో నిలబెట్టడం వాళ్ల తప్పు." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మీ పుస్తకంలో సున్నలో 'వే' అని రాస్తారటగా, ఆశిష్ చెప్పాడు. అది కాగితమ్మీద కెక్కి ముదీర్ దాకా పోతుందని నాలుగు రోజులు నాకు నిద్ర లేదు. మీరు రాయలేదు. నేనూ నోరెత్తను. చెల్లుకు చెల్లు." లేచి వెళ్తూ, "రేపటినుంచి మీకు నేను అడ్డం పడనండీ. మీరిక నాకు స్కోరరు కాదుగా," అన్నాడు.

మర్నాడే నాలుగో అర్జీ పెట్టాను. ఈసారి కాత్యాయని మూడు రోజులకే పిలిచింది.

"వేణుగోపాలరావుగారు అభ్యంతరం లేదని రాశారు. కానీ అక్కడ పోస్టే లేదండి. ముసఫాలో మీ కుర్చీని కిందటేడే తీసేశారు. డాక్యుమెంట్లన్నీ ఇక్కడినుంచే నడుస్తున్నాయి, మీరు బాగా నడుపుతున్నారు కాబట్టి." ఆవిడ నిజంగానే బాధపడింది. "రిటైర్మెంటు దాకా ఇక్కడే అనుకోండి."

మే నెలలో భూమేశ్ స్కాఫోల్డరు హోదాతో సంతకం చేసి హబ్‌షాన్ వెళ్లిపోయాడు. వెళ్లే రోజున డాక్యుమెంట్ గదికి వచ్చాడు గాని నేను మీటింగులో ఉన్నాను. వేసవి గడిచింది. నవంబరులో లీగు మొదలైంది. ఆదివారాలు ఏం చేయాలో నాకు మొదటి రెండు వారాలూ తెలియలేదు. మూడో ఆదివారం మధ్యాహ్నం ఫోను మోగింది.

"సారూ, భూమేశ్‌ను. మంచిగున్నరా?" వెనుక పైపులు తగిలిన చప్పుళ్లు. "ఆదివారం గూడ వదుల్తలేరు ఈడ. ఆర్నెల్ల పని పడ్డది సార్ నా పుస్తకంల. ఇంకో ఆర్నెల్లయితె కార్డు మళ్ల నడుస్తది. మొన్న నలభై మీటర్లు కట్టిన. నేను కట్టిన దానిమీదికి ఇంజనీరు ఎక్కిండు."

"భుజం ఎలా ఉంది?"

"బంతి ముట్టకపోతె అదేమనదు." నవ్వాడు. "గది సరే గని సార్, పొద్దుగాల మనోళ్ల మ్యాచ్ ఏమయింది? ఎవరి ఫోన్లు కలుస్తలెవ్వు. మిమ్మల్నడిగితె పక్కాగ తెలుస్తదని చేసిన."

"నాకు తెలియదు, భూమేశ్."

"మీకు తెల్వకుంట ఉంటదా సార్. చెప్పుండ్రి, ఓడిపోయిన్రా?"

"నేనిప్పుడు రాయడం లేదు."

అవతల ఎవరో యల్లా, యల్లా అని తొందరపెడుతూ కేకేస్తున్నారు. అతను నా మాట విన్నాడో లేదో, మళ్ళీ చేస్తానని పెట్టేశాడు. నేను కిటికీ దగ్గరికి వెళ్లాను. అప్పుడే మైదానంనుంచి కంపెనీ బస్సు తిరిగి వచ్చి కింద ఆగింది. దాని అద్దాలు నల్లనివి. లోపల ఉన్నవాళ్లు గెలిచి వస్తున్నారో ఓడి వస్తున్నారో పైనుంచి ఏమీ తెలియలేదు.